అమ్రాబాదు అడవియు, రానున్న వానలును

అమ్రాబాదు పీఠభూమిపై పడిన వాన రెండు దారులు పట్టును. ఉత్తరపు వాలున పడినది వాగులై డిండి నదిలో కలియును. దక్షిణపు వాలున పడినది లోయలలోనికి దుమికి కృష్ణను చేరును. డిండియు దేవరకొండ సీమను దాటి తుదకు ఆ కృష్ణలోనే సంగమించును. కావున ఎటు పడినను ఆ నీటికి నాగార్జునసాగరమే గమ్యము. ఆ సాగరపు ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం సీమల మాగాణులను, కుడి కాలువ గుంటూరు, ప్రకాశం సీమల మాగాణులను తడుపుచున్నవి. హైదరాబాదు నగరవాసులు త్రాగు నీటిలోను కొంత భాగ మచటినుండియే పోవుచున్నది. నల్లమల అడవి పులులకును చెంచులకును సంబంధించినదే గాని తమకు సంబంధించినది కాదని తలచు పాఠకు లెవరైన నున్నచో, వా రీ యొక్క సంగతిని మనస్సున నుంచుకొని మేము వ్రాయుచున్న దానిని చదువవలెనని కోరుచున్నాము.

ఈ అడవినడుమ యురేనియమును వెదకవలెనను ప్రయత్న మొకటి కొన్నియేండ్ల క్రిందట పుట్టి, ప్రజల ప్రతిఘటనచేత ఆగినది. ఆగినదే గాని అంతరించినది కాదు. ఆ ప్రయత్నము మరల తల యెత్తినను, దాని స్థానమున రహదారియో సొరంగమో మరియొక పనియో వచ్చినను, దాని మంచిచెడ్డలను తూచుటకు మన చేతనున్న త్రాసు సరియైనదేనా యనునదే నేటి ప్రశ్న. సరియైనది కాదని మా యభిప్రాయము. ఏలయన, నేటి మన పర్యావరణ ప్రభావ మదింపు గడచిన కాలపు వానలను, గడచిన కాలపు ఎండలను లెక్కగట్టి, రానున్న కాలపు కట్టడములకు అనుమతు లిచ్చుచున్నది. శీతోష్ణస్థితియే మారుచున్న యీ దినములలో నది నిరుటి పంచాంగము చూచి ఈ యేటి ముహూర్తము పెట్టుట వంటిది.

జరిగిన కథ

అమ్రాబాదు పులుల అభయారణ్యము విస్తీర్ణమున 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడినది. 1983లో ఏర్పడిన నాగార్జునసాగరు – శ్రీశైలము పులుల అభయారణ్యమునందు ఇదియు నొక భాగమై యుండెను. 2014లో రాష్ట్రము రెండయిన పిమ్మట కృష్ణకు ఉత్తరముననున్న భాగము తెలంగాణకు వచ్చి, అమ్రాబాదు పేరిట వేరుపడినది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు మహబూబునగరు జిల్లానుండి వేరుపడిన నాగరుకర్నూలు జిల్లాలో ఇందలి అధిక భాగమును, నల్లగొండ జిల్లాలో కొంత భాగమును చేరినవి.

కేంద్ర అణుశక్తి శాఖ క్రిందనున్న అణు ఖనిజాన్వేషణ సంస్థవారు ఈ యరణ్యమున 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము కొరకు సర్వే చేయుటకును, బోరులు వేసి పరీక్షించుటకును అనుమతి కోరిరి. 2016లో రాష్ట్ర వన్యప్రాణి మండలి దీనికి సుముఖముగా సిఫారసు చేసెను. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘమును సూత్రప్రాయముగా అంగీకరించెను. వేలకొలది బోరులు వేయుదురను వార్త వెలువడగనే అమ్రాబాదు, పదర, మన్ననూరు ప్రాంతముల ప్రజలు లేచిరి. చెంచుగూడెములు మొదలుకొని హైదరాబాదు కళాశాలల వరకు నిరసన వ్యాపించెను. తుదకు 2019 సెప్టెంబరు 16వ తేదీన తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియపు త్రవ్వకములు వలదని ఏకగ్రీవముగా తీర్మానించెను.

తీర్మానము మేలైనదే. కాని తీర్మానము శాసనము కాదు. అణుశక్తియు, దానికి కావలసిన ఖనిజములును మన రాజ్యాంగమున కేంద్రపు జాబితాలో నున్నవి. శాసనసభ అభిప్రాయమును కేంద్రమువారు మన్నింతురని ఆశింపవచ్చునే గాని, మన్నించియే తీరవలెనను నిబంధన లేదు. అంతియ కాదు. 2023లో అటవీ సంరక్షణ శాసనమును సవరించినపుడు, కేంద్రము నిర్ణయించు షరతులకు లోబడి చేయు సర్వే, ఖనిజాన్వేషణము వంటి పనులను అటవీయేతర కార్యములుగా పరిగణింపనక్కర లేదని చేర్చిరి. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖవారు అణు ఖనిజముల గనులను, కీలక ఖనిజములని పేర్కొనబడిన వాని గనులను ప్రజాభిప్రాయ సేకరణనుండి మినహాయించిరి. అనగా 2019లో ఏ ప్రజాస్వరము అమ్రాబాదును కాపాడెనో, ఆ స్వరము చట్టబద్ధముగా వినబడు వేదికయే నేడు తొలగింపబడినది. కథ ముగిసినదని నిద్రించుటకు వీలు లేదని మేమనుట ఇందువలననే.

మదింపు అనగా నేమి

పెద్ద పనిని ఆరంభించుటకు ముందే అందువలన నేలకు, నీటికి, గాలికి, మనుష్యులకు కలుగు కీడును లెక్కించి, ఆ లెక్కను ప్రజల యెదుట పెట్టి, పిమ్మట ననుమతి నీయవలెనా, వలదా యని నిర్ణయించుటయే పర్యావరణ ప్రభావ మదింపు. ఈ పద్ధతి 1970లో అమెరికాలో శాసనరూపమున అమలునకు వచ్చెను. మన దేశమున 1986 నాటి పర్యావరణ పరిరక్షణ శాసనము క్రింద 1994 జనవరిలో మొదటి ప్రకటన వెలువడెను. ఇప్పుడు నడచుచున్నది 2006 సెప్టెంబరు 14వ తేదీ నాటి ప్రకటన. ఇందు నాలుగు మెట్లు గలవు. పనికి మదింపు అవసరమా యని చూచుట మొదటిది. ఏయే విషయములను పరిశీలింపవలెనో నిర్ణయించుట రెండవది. ప్రజాభిప్రాయమును సేకరించుట మూడవది. నిపుణుల సంఘము పరిశీలించుట నాలుగవది.

మూడవ మెట్టునకు ఈ గడ్డమీద నొక చరిత్ర కలదు. నల్లగొండ జిల్లాలో సాగరపు ఒడ్డుననున్న లంబాపురము, పెద్దగట్టు గ్రామములవద్ద యురేనియపు గనులు తెరువదలచి 2003లో ప్రజావిచారణ జరిపిరి. జనులు తండోపతండములుగా వచ్చి వ్యతిరేకించిరి. ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగినవారిని ఇంటింట చూచిన జిల్లా అది. నేలలోనిది నీటిలోనికి దిగినచో మనుష్యు డేమగునో అచటివారికి శాస్త్రజ్ఞులు చెప్పనక్కర లేదు. మొదట మల్లాపురమున తలపెట్టిన శుద్ధి కర్మాగారమును తరువాత శేరిపల్లికి మార్చిరి. అయినను నేటివరకు ఆ గనులు తెరువబడలేదు. ప్రజావిచారణ యనునది వట్టి తంతు కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

కొరవడిన లెక్క

ఈ మదింపులో లేని లెక్క యొకటి కలదు. అది శీతోష్ణస్థితి మార్పునకు సంబంధించినది. ఈ లెక్కకు రెండు ముఖములు. తలపెట్టిన పని శీతోష్ణస్థితి కేమి చేయుననునది మొదటి ముఖము. కొట్టివేయబడు అడవి యెంత బొగ్గువాయువును తనలో నిలుపుకొని యున్నది, నరికిన పిమ్మట నది యెంత గాలిలో కలియును, యంత్రములు, లారీలు, కర్మాగారములు ఎంత ఇంధనమును దహించును మొదలగున విందు చేరును. మారుచున్న శీతోష్ణస్థితి తలపెట్టిన పని కేమి చేయుననునది రెండవ ముఖము. కట్ట కట్టిన తరువాత ఎన్నడు పడని వాన పడినచో ఆ కట్ట నిలుచునా? ఎండలు ముదిరి అడవి యెండినచో నిప్పు ఎంత దూరము పాకును? వాగు వట్టిపోయిన యేట గనికి నీరెక్కడిది, గూడెమునకు నీరెక్కడిది? మన దేశమున మొదటి ముఖమును గూర్చి అప్పుడప్పుడైనను మాటలు వినబడుచున్నవి. రెండవ దానిని గూర్చి వినబడుట మిక్కిలి యరుదు.

న్యాయము తప్పకుండ చెప్పవలెనన్నచో, 2006 ప్రకటనతో జతపరచిన పత్రమున ఆ స్థలమునకు వరదలు, కుండపోత వానలు, భూకంపములవలన ముప్పు కలదా యను ప్రశ్న ఉన్నది. ఉన్నది నిజమే. కాని ఆ ప్రశ్నకు సమాధానము గడచిన ఏండ్ల వానలెక్కలనుండియే వచ్చుచున్నది. రేపటి వాన నిన్నటి వానవలె నుండదని తెలిసియు, దానిని లెక్కింపవలెనను నిర్బంధము ఆ ప్రకటనలో లేదు. మదింపు నివేదికలకొరకు సాధారణముగా ఒక్క ఋతువున సేకరించిన గాలి, నీరు, మట్టి వివరములే చాలుననుట మరియొక లోపము. వేసవియందు కొలిచిన వాగు వానకాలపు వాగు కాదు. కరవు యేట చూచిన అడవి మంచి యేట చూచిన అడవి కాదు. నల్లమలను ఎరిగిన ఏ గొల్లవాడైనను ఈ మాట చెప్పును.

వానలు మారినవి

వానలు మారినవనుటకు మన కండ్లయెదుటనే సాక్ష్యములు గలవు. 2009 అక్టోబరు మొదటి దినములలో కృష్ణకును తుంగభద్రకును వచ్చిన వరదను మన పాఠకులు మరచి యుండరు. కర్నూలు పట్టణము మునిగెను. ఆలంపురము జలమయ మాయెను. శ్రీశైలపు ఆనకట్టకు దాదాపు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చెననిరి. అది ఆనకట్టను కట్టినవారు ఊహించిన మహావరదకంటెను మిక్కిలి యెక్కువ. ఆనకట్ట నిలిచినది, అది మన అదృష్టము. కాని కట్టినవారి లెక్క తప్పినదను సంగతి మాత్రము నిలిచియే యున్నది. 2023 జులై చివరి వారమున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున దాదాపు 650 మిల్లీమీటర్ల వాన కురిసెను. అమ్రాబాదు సీమలో ఒక యేడాది మొత్తమున పడు వానకు ఇది చాల దగ్గర. ఆ మేఘము ములుగుమీద గాక నల్లమలమీద నిలిచి యుండినచో నేమగునో ఊహింపుడు.

దీనికి కారణము రహస్యము కాదు. పారిశ్రామిక యుగమునకు పూర్వముతో పోల్చిన భూగోళపు సగటు వేడిమి సుమారు 1.1 డిగ్రీలు పెరిగినదని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము 2021లో తేల్చి చెప్పినది. అటుపిమ్మటను అది పెరుగుచునే యున్నది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో నూటికి ఏడు పాళ్లు అధికముగా నీటియావిరిని పట్టి యుంచగలదు. పట్టినదానిని ఎప్పుడో ఒకప్పుడు ఒక్కుమ్మడిగా దింపును. అందువలననే వాన దినములు తగ్గి, వాన ఉద్ధృతి హెచ్చుచున్నది. నడుమ ఎండల కాలము దీర్ఘమగుచున్నది. అమ్రాబాదు అడవి ఆకురాల్చు పొడి అడవి. మాఘ ఫాల్గునములనుండి రాలిన ఆకు నేలనంతను కప్పును. ఒక్క బీడీ నిప్పు చాలును. ఏటేట వేసవిలో అటవీ సిబ్బంది నిప్పుతో పోరాడుచుండుట ఆ ప్రాంతీయు లెరిగినదే.

వేయేండ్ల కట్ట

ఇప్పుడు యురేనియపు సంగతి యందు ఈ లెక్క ఎంత ముఖ్యమో చూతము. మన ప్రాంతపు యురేనియపు రాయి చాల బలహీనమైనది. టన్నులకొలది రాతిని త్రవ్వి, పొడి చేసి, రసాయనములలో కరగించినగాని కొద్దిపాటి యురేనియము దొరకదు. మిగిలిన రాతిపొడి యంతయు బురదయై, కట్ట వేసిన చెరువులో నిలువ యుండును. అసలు రాతిలో నుండిన రేడియో ధార్మికతలో నూటికి 85 పాళ్ల వరకు ఆ బురదలోనే ఉండిపోవును. అందలి రేడియమను పదార్థము సగమునకు తగ్గుటకు 1,600 ఏండ్లు పట్టును. థోరియపు రూప మొకటి సగమునకు తగ్గుటకు 75,000 ఏండ్లు పట్టును. కాకతీయులు కట్టిన చెరువులు ఎనిమిది వందల యేండ్లు నిలిచినవని మనము గర్వించుచున్నాము. వానినైనను ఎన్నిమార్లో గండ్లు పూడ్చి, తూములు మార్చి, పూడిక తీసి నిలుపుకొన్నారు. ఈ విషపు చెరువును అంతకంటె అనేక రెట్ల కాలము గండి పడకుండ కాయవలెను. ముప్పది, నలువది యేండ్ల వానలెక్కను చూచి కట్టిన కట్టకు వేయేండ్ల కావలిని అప్పగించుట విజ్ఞత యగునా?

ఇది కేవలము ఊహ కాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియపు కర్మాగారము 2012 ప్రాంతమున పని ప్రారంభించినది. అచట కొట్టాల, మబ్బుచింతలపల్లె మొదలగు గ్రామముల రైతులు, బురద చెరువువలన తమ బోరునీరు చెడినదని, అరటితోటలు పాడైనవని ఏండ్లతరబడి మొరపెట్టుకొనుచున్నారు. చెరువు అడుగున నీరింకకుండ వేయవలసిన పొర విషయమై 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ సంస్థకు నోటీసు నిచ్చెను. సంస్థవారు ఆరోపణలను త్రోసిపుచ్చిరి. ఎవరి మాట నిజమో తేల్చుట న్యాయస్థానముల పని, నిపుణుల పని. మే మనునది ఒక్కటే. తుమ్మలపల్లె వాన తక్కువైన సీమ, పెద్దనది కెడమైన సీమ. అట్టిచోటనే ఇంత వివాద మున్నపుడు, రెండు వైపులను నీరు పారు అమ్రాబాదు పీఠభూమిమీద, సాగరమునకు ఎగువన, అట్టి చెరువును తలపెట్టువారు ఎన్ని రెట్లు జాగ్రత్తగా లెక్క వేయవలెను?

ఎదుటివారి వాదము

ఎదుటి పక్షమువారి వాదమును మేము దాచదలచలేదు. అణువిద్యుత్తు బొగ్గుపొగ లేని విద్యుత్తు. శీతోష్ణస్థితి మార్పునకు విరుగుడులలో నది యొకటియని పెక్కురు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. నేడు ఎనిమిదివేల మెగావాట్ల చిల్లర మాత్రమే యున్న మన అణువిద్యుత్తును 2047 నాటికి లక్ష మెగావాట్లు చేయుదుమని కేంద్రమువారు 2025 ఫిబ్రవరి బడ్జెటులో ప్రకటించిరి. యురేనియము లేక అది యెట్లు సాధ్యము? శీతోష్ణస్థితిని గూర్చి విచారించు మీరే యురేనియమును వలదందురా యని వారడుగవచ్చును.

ఈ ప్రశ్న తగినదే. దీనికి మా సమాధానము సూటిగా చెప్పెదము. దేశమునకు విద్యుత్తు కావలెను, పొగ లేని విద్యుత్తు మరింత కావలెను. అణువిద్యుత్తు ఆ యవసరమును తీర్చునా, సూర్యకాంతియు గాలియు తీర్చునా యను చర్చ వేరు. ఒక మేలు పేరు చెప్పి మరియొక కీడును లెక్కలోనుండి తప్పించుట మాత్రము తగదు. శీతోష్ణస్థితి మేలుకొరకే గని తెరువదలచినచో, ఆ లెక్కను పూర్తిగా పెట్టుడు. గని వలన తప్పు పొగ యెంత, పోవు అడవిలో నిలువయున్న బొగ్గువాయు వెంత? త్రవ్వుటకు, పొడిచేయుటకు, మోయుటకు దహించు ఇంధన మెంత? రానున్న మహావానలకు కట్ట తట్టుకొనునని చూపు లెక్క యేది? ఇన్నియు ప్రజల యెదుట పెట్టి, అప్పటికిని లాభమే యెక్కువయని నిరూపించినచో, వినుటకు మేము సిద్ధముగా నున్నాము. లెక్కయే చూపక, ప్రజలను అడుగనే అడుగక, దేశహితమను ఒక్క మాటతో అడవిలోనికి యంత్రములను దింపుదుమనుట దేశహితమునకే కీడు.

అడవి యెవరిది

చెంచులు ఈ యడవికి ప్రథమ పౌరులు. 1940లో హైమన్‌డార్ఫను మానవశాస్త్రజ్ఞుడు అమ్రాబాదు చెంచుల నడుమ నివసించి, వారి జీవితమును గూర్చి వ్రాసిన గ్రంథము 1943లో వెలువడెను. కృష్ణలోయల నిలువుకొండలకు తీగల నిచ్చెనలు వ్రేలాడదీసి తేనె దింపుట, తపసి జిగురు గీయుట, దుంపలు త్రవ్వుట, ఇప్పపూవు ఏరుట వారి వృత్తులు. శీతోష్ణస్థితి మారినచో మొట్టమొదట దెబ్బ తినువారు వీరే. పూత కాలము తప్పినచో తేనె తప్పును. వాగులోని చెలమ ఎండినచో గూడెము కదలవలెను. ఈ సంగతులు ఏ వాతావరణ కేంద్రపు పట్టికలలోను కనబడవు. మదింపు చేయువారు గూడెములకు పోయి అడిగినగాని తెలియవు.

2006 నాటి అటవీ హక్కుల శాసనము గ్రామసభకు అధికార మిచ్చినది. ఒడిశాలోని నియమగిరి కొండలలో బాక్సైటు గని విషయమై 2013 ఏప్రిలులో సుప్రీంకోర్టు, గ్రామసభల అభిప్రాయమును తెలిసికొనుడని ఆదేశింపగా, అడిగిన పన్నెండు గ్రామసభలును వలదని చెప్పినవి. గని ఆగినది. నియమగిరి డోంగ్రియా కోందుల కున్న హక్కు నల్లమల చెంచులకును కలదు. ఆ హక్కును సర్వే దశయందే గౌరవింపవలెను. బోరులు వేయుటకు దారులు కావలెను, దారులకు చెట్లు కొట్టవలెను, యంత్రములకు నీరు కావలెను. ‘ఇది వట్టి పరిశోధనయే, గని కాదు’ అనుట, ‘బావి త్రవ్వుట లేదు, గునపము మాత్రము దించుచున్నాము’ అనుట వంటిది.

నేలలోని దానిని తెలియక పని తలపెట్టిన ఫలితమును అమ్రాబాదు సీమయే ఇటీవల చూచినది. శ్రీశైలము ఎడమగట్టు కాలువకై దాదాపు 44 కిలోమీటర్ల సొరంగమును ఈ యరణ్యపు గర్భమున త్రవ్వుచుండగా, 2025 ఫిబ్రవరి 22వ తేదీన దోమలపెంట వైపున పైకప్పు కూలి, నీరును బురదయు విరుచుకొనిపడి ఎనిమిదిమంది పనివారు చిక్కుకొని ప్రాణములు గోల్పోయిరి. నెలలు వెదకినను ఇద్దరి దేహములే దొరకినవి. నల్లగొండకు నీరు తెచ్చు ఆ యుద్దేశము ఉత్తమమైనది. అయినను రాతి పొరలను, అందు దాగిన నీటిని ముందుగా సంపూర్ణముగా తెలిసికొనని పనికి వెల యెవరు చెల్లించిరి? దూరదేశములనుండి కూటికొరకు వచ్చిన కూలీలు చెల్లించిరి. మదింపు అనునది కాగితపు తంతు కాదనుటకు ఈ దుర్ఘటనయే మేలుకొలుపు కావలెను.

లోకము ఎటు పోవుచున్నది

ఇతర దేశములు ఈ లెక్కను తమ శాసనములలో చేర్చుకొనుచున్నవి. ఐరోపా సమాఖ్య 2014లో తన మదింపు నిబంధనలను సవరించి, పని శీతోష్ణస్థితికి చేయు కీడును, శీతోష్ణస్థితి మార్పు పనికి చేయు కీడును రెండింటిని పరిశీలింపవలెనని విధించెను. దక్షిణాఫ్రికాలో థబామెట్సి బొగ్గు విద్యుత్కేంద్రపు అనుమతి విషయమున 2017లో న్యాయస్థానము, శీతోష్ణస్థితి ప్రభావము మదింపులో చేరవలసిన విషయమేయని తీర్పు చెప్పెను. 2024 జూనులో బ్రిటిషు సుప్రీంకోర్టు, నూనె బావినుండి వచ్చిన నూనెను తరువాత దహించుటవలన కలుగు పొగను సైతము బావి మదింపులో లెక్కింపవలెనని నిర్ణయించెను. 2025 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానము, శీతోష్ణస్థితిని రక్షించుట దేశములకు ధర్మము మాత్రమే కాక చట్టబద్ధమైన బాధ్యతయని అభిప్రాయ మిచ్చెను.

మన సుప్రీంకోర్టును వెనుకబడలేదు. 2024 మార్చిలో బట్టమేకపిట్టల రక్షణకు సంబంధించిన వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, శీతోష్ణస్థితి మార్పువలని కీడునుండి రక్షణ పొందు హక్కు రాజ్యాంగపు 14, 21 అధికరణములలో అంతర్భూతమని ప్రకటించెను. హక్కు ఉన్నదని న్యాయస్థానము చెప్పినది. ఆ హక్కును కాపాడు లెక్క మదింపు పత్రములలో లేదు. ఈ రెంటి నడుమనున్న గుంటను పూడ్చుట పరిపాలకుల విధి.

చేయవలసినవి

ఈ విషయమున మేము కోరునవి కొలదియే. మొదటిది, ప్రతి పెద్ద పని మదింపులోను శీతోష్ణస్థితిని గూర్చి ప్రత్యేక ప్రకరణ ముండవలెను. అందు పైన చెప్పిన రెండు ముఖములును చేరవలెను. రానున్న యేబది, నూరు ఏండ్ల వానలను గూర్చి శాస్త్రజ్ఞులు వేయు అంచనాలకు కట్టడము తట్టుకొనునని నిరూపింపవలెను. రెండవది, ఒక్కొక్క పనిని విడివిడిగా గాక, నదీపరీవాహమంతటిని ఒక్కటిగా తూచవలెను. అమ్రాబాదులో సొరంగ మొకటి, రహదారి యొకటి, గని యొకటి వేర్వేరు కాగితములపై చిన్నవిగానే కనబడును. డిండికిని కృష్ణకును మాత్రము అన్నియు ఒక్కటే.

మూడవది, పని తలపెట్టినవారే జీతమిచ్చి మదింపు వ్రాయించుకొను పద్ధతి మారవలెను. కాపరి జీతమును తోడేలు ఇచ్చుచుండగా మందకు రక్షణ యెక్కడిది? రుసుము పని తలపెట్టినవారే చెల్లింతురు గాక, నిపుణులను నియమించునది స్వతంత్ర సంఘము కావలెను. నాల్గవది, సంపూర్ణ నివేదిక తెలుగులో నుండవలెను. నేటి నిబంధన ప్రకారము సారాంశము మాత్రమే దేశభాషలో లభించును. వందలకొలది పుటల ఆంగ్లమును చదువలేనివాని అభిప్రాయమును అడుగుటలో అర్థము లేదు. ఐదవది, అణు ఖనిజములకు ప్రజావిచారణనుండి ఇచ్చిన మినహాయింపును రద్దు చేయవలెను. రహస్యముగా ఉంచదగినది ఆయుధశాలలో నుండవచ్చును గాని, త్రాగునీటిలో రహస్య ముండరాదు. తెలంగాణ ప్రభుత్వమువారు 2019 నాటి తీర్మానమును గుర్తుచేసి ఈ మినహాయింపును గూర్చి కేంద్రమునకు వ్రాయుట తమ కనీస ధర్మమని తలచవలెను.

ప్రభుత్వములకు చెప్పి ఊరకొన్నచో మా విధి సగమే తీరును. భూస్వాములగు మన పాఠకులకును కొంత చెప్పవలసి యున్నది. చెరువు శిఖములను దున్నుకొన్న దెవరు? వాగుల ఇసుకను అమ్ముకొన్న దెవరు? ఒక బోరు ఎండగనే దాని ప్రక్కన ఇంకొక బోరు వేసి, పొరుగువాని బావిని వట్టిచేసిన దెవరు? మనమే. అడవిని కాపాడుడని అమ్రాబాదు చెంచుకు చెప్పు హక్కు, చెరువును కాపాడినవానికే కలదు. ప్రతి గ్రామమున చదువుకొన్న రైతొకడు వానను కొలిచి, బావినీటి మట్టమును నెలనెల వ్రాసి యుంచినచో, పదియేండ్లకు ఆ పుస్తకమే ఏ నిపుణుని నివేదికకంటెను గొప్ప సాక్ష్య మగును. ప్రజావిచారణలో ‘మా నీరు పోవును’ అని కేకలు వేయుటకంటె, ‘మా నీ రింత ఉండెను, ఇంత యైనది’ అని లెక్క చూపుట బలవత్తరము. పట్టణవాసులును, తమ కుళాయిలోని నీ రెక్కడనుండి వచ్చుచున్నదో తెలిసికొని, ఆ విచారణలకు పోవలెను. ప్రజావిచారణ ప్రకటన ముప్పది దినములు ముందుగా దేశభాషా పత్రికయం దుండవలెనని నిబంధన గలదు. పత్రిక నందలి ఆ చిన్న ప్రకటనను విడువక చదువుట పౌరధర్మము.

చైత్ర పౌర్ణమినాడు సలేశ్వరపు లోయలోనికి దిగు యాత్రికులు ఆ కొండచరియనుండి జాలువారు నీటిని దోసిట పట్టి తలపై చల్లుకొందురు. నిండు వేసవిలో, చుట్టును అడవి యెండియున్న వేళ, ఆ నీరు ఎక్కడిదని వారు ఆశ్చర్యపడుదురు. అది పైనున్న అడవి నిరుటి వానను పట్టి యుంచి, నేలలో దాచి, మెల్లమెల్లగా విడుచుచున్న నీరు. అమ్రాబాదు అడవి మనకు చేయుచున్న మేలంతయు ఆ దోసెడు నీటిలో నున్నది. ఆ పీఠభూమిపై నేమి చేయవలెనో, ఏమి చేయరాదో నిర్ణయించు రోజు మరల వచ్చును. ఆ రోజునకు సరియైన త్రాసును, సరియైన తూనికరాళ్లను సిద్ధము చేసికొనుట మన పని. వాన మన కొరకు ఆగదు.